‘వెనక్కి వస్తే భౌతికం, రాకపోతే రసాయనం’ అనే రూల్ ఆపండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో స్టూడెంట్స్ పేజీలో భౌతిక మార్పులు, రసాయన మార్పులు అని రెండు గళ్ళ టేబుల్ వేశారు, చూశాను. ఎడమ గడిలో ‘మళ్ళీ మొదటి స్థితికి వస్తుంది’, కుడి గడిలో ‘రాదు’, కింద పరీక్షకి ఇది గుర్తుపెట్టుకోండి అని ఒక ముక్క. మిమ్మల్ని ఒక్కరినే అనట్లేదండి, గైడ్లలో, నోట్సుల్లో, క్వశ్చన్ పేపర్లలో ఎక్కడ చూసినా ఇదే. మా అమ్మాయి స్కూల్లో ‘రసాయన మార్పుని వెనక్కి తిప్పగలమా’ అన్న బిట్‌కి అవును అని పెడితే తప్పు కొట్టారు, కీలో కాదు అని ఉందట, ఇంక అడిగేదేముంది.

కాగితం చింపితే ఎంత అతికించినా పాత కాగితం రాదు కదా, అయినా అది భౌతిక మార్పే, ఎందుకంటే ప్రతి ముక్కలోనూ ఉన్నది అదే కాగితం. గాజు పగిలినా అంతే. ఇప్పుడు రెండో వైపు చూడండి, మైలుతుత్తం ఉంది కదా, అదే కాపర్ సల్ఫేట్, ఆ నీలం స్ఫటికాల్ని పరీక్షనాళికలో వేసి వేడి చేస్తే స్ఫటికంలో ఉన్న నీరు బయటికొచ్చి నాళిక పైభాగంలో చుక్కలు చుక్కలుగా పట్టేస్తుంది, అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. బాగా చల్లారాక రెండు చుక్కలు నీళ్ళు వెయ్యండి, మళ్ళీ నీలం, పైగా ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. రసాయన మార్పే, కానీ చక్కగా వెనక్కి వచ్చేసింది. అంతెందుకు, మొబైల్ బ్యాటరీ ఛార్జ్ అవుతోందంటేనే లోపల జరిగిన రసాయన చర్య వెనక్కి నడుస్తోందని. మరి మీ టేబుల్లో వీటిని ఏ గడిలో వెయ్యమంటారు?

అడగాల్సింది ఒక్కటే, కొత్త పదార్థం ఏర్పడిందా లేదా. రంగు మారడం, బుడగలు రావడం, వేడి పుట్టడం ఇవన్నీ అనుమానించడానికి పనికొస్తాయి గానీ వాటితోనే తేల్చేస్తే కుదరదు. జింక్ ఆక్సైడ్ తెల్ల పొడి బాగా వేడెక్కితే పసుపు రంగుకి తిరుగుతుంది, చల్లారితే మళ్ళీ తెలుపు, ముందూ తర్వాతా అది జింక్ ఆక్సైడే. నీళ్ళు మరిగేటప్పుడు వచ్చే బుడగల్లో ఏముంది అంటే పెద్ద క్లాసుల పిల్లలు కూడా కొందరు హైడ్రోజన్, ఆక్సిజన్ అనేస్తారు, ఉండేది నీటి ఆవిరి. అవి విడిగా రావాలంటే నీళ్ళలోంచి కరెంటు పంపాలి, అప్పుడు ఘనపరిమాణం లెక్కన హైడ్రోజన్ 2 వంతులు, ఆక్సిజన్ 1 వంతు వస్తాయి. ఇక అమ్మోనియం క్లోరైడ్ సంగతైతే చెప్పక్కర్లేదు, ఉత్పతనానికి, అంటే ఘనపదార్థం కరగకుండా నేరుగా ఆవిరవడానికి, ఉదాహరణ అని ఎన్నేళ్ళనుంచో రాయిస్తున్నారు, నిజానికి అది వేడికి అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అని రెండు వాయువులుగా విడిపోయి పైన చల్లగా ఉన్న చోట మళ్ళీ కలిసి తెల్లగా పేరుకుంటుంది. ఉప్పు నీళ్ళలో కరగడం ఏ మార్పు అన్నదాని మీద టీచర్లలోనే వాదన ఉంది, అలాంటిదాన్ని ఒక మార్కు బిట్‌గా ఇచ్చి పిల్లల్ని ఇరికించడం నాకు అస్సలు నచ్చదు.

ల్యాబ్ లేదు, సామాన్లు లేవు అంటారు. కొవ్వొత్తి చాలండి, పీరియడ్ మొత్తం గడిచిపోతుంది. వత్తి చుట్టూ మైనం కరిగి మడుగు కడుతుంది, పక్కకి కారి గట్టిపడుతుంది, ఇది భౌతికం, సరే. మరి కొవ్వొత్తి పొట్టి అవుతోంది కదా, ఆ మైనం ఏమైంది? వత్తి కాలుతోంది అంటారు చాలామంది. మంట ఊదేసి వెంటనే చూడండి, వత్తి నుంచి తెల్లటి పొగ సన్నగా లేస్తుంది, వత్తిని తాకకుండా ఆ పొగకి అగ్గిపుల్ల అందిస్తే మంట పొగ వెంబడే కిందకి పరిగెత్తి వత్తిని మళ్ళీ వెలిగిస్తుంది. కాలేది మైనం ఆవిరన్నమాట! చల్లటి గాజు గ్లాసు మంట మీద బోర్లిస్తే లోపల తేమ పడుతుంది, కరిగించిన మైనంలో నీళ్ళేం లేవే, మరి ఆ తడి ఎక్కడిది అని అడగండి పిల్లల్ని. అదే గ్లాసులో కాస్త సున్నపు తేట పోసి ఊపితే తెల్లగా అయిపోతుంది, అది కార్బన్ డయాక్సైడ్ పని. నీరు, కార్బన్ డయాక్సైడ్, రెండు కొత్త పదార్థాలు, కళ్ళెదుటే. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860–61లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈ కొవ్వొత్తి మీదే పిల్లలకి ఆరు లెక్చర్లు ఇచ్చాడు, మనం అరపేజీ టేబుల్‌తో కానిచ్చేస్తున్నాం.

అందుకే నా రిక్వెస్ట్. పేపర్లు సెట్ చేసేవాళ్ళు ‘కిందివాటిలో భౌతిక మార్పు ఏది’ అని నాలుగు ఆప్షన్లు ఇచ్చే బదులు ‘కొత్త పదార్థం వచ్చిందని ఎలా చెప్తావు’ అని రెండు లైన్లు రాయించాలి, దిద్దడానికి కాస్త టైమ్ పడుతుంది, పట్టనివ్వండి. మీరు కూడా ఆ టేబుల్‌కి సవరణ వేసి, వచ్చే వారం పేజీలో ఈ కొవ్వొత్తి ప్రయోగాన్ని ప్రశ్నలతో ఇవ్వండి, జవాబులు ఆ పై వారం వేస్తే సరి. మైలుతుత్తం ప్రయోగం కూడా వేస్తే మాత్రం అది విషం, నోట్లోకి పోకూడదు, టీచర్ పక్కనుంటేనే చెయ్యాలి అని పెద్ద అక్షరాల్లో వెయ్యడం మర్చిపోకండి.

ఇట్లు,
ఒక పేరెంట్