నాయకుల కొడుకుల కంపెనీలు ఎన్నికల అఫిడవిట్‌లోకి రావాలి: కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసిపెట్టడం నా వృత్తి. జూలై వచ్చిందంటే రుషికొండ ఐటీ కంపెనీల కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని వస్తారు. జీతంతో పాటు కంపెనీ ఇచ్చిన పదో ఇరవయ్యో అమెరికా షేర్లు వాళ్ల పేరు మీద ఉంటాయి. వాటి కోసం రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏలో దేశం కోడ్, కంపెనీ చిరునామా, జిప్ కోడ్, షేరు చేతికొచ్చిన తేదీ, ఆ ఏడాదిలో దాని గరిష్ఠ విలువ, డిసెంబరు 31 నాటి విలువ, అన్నీ రూపాయల్లోకి మార్చి నింపాలి. ఒక్క గడి తప్పినా నోటీసు వస్తుందేమోనని టెన్షన్. 2015 నల్లధనం చట్టం ప్రకారం చూపకపోతే జరిమానా 10 లక్షలు. 20 లక్షల లోపు చరాస్తులకు 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా తీసేశారు, మంచిదే. చూపించాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది. ఉండాలి కూడా.

నాకు కడుపు మండేది ఆ కుర్రాడి ఓటు అడిగే నాయకుడి ఫారం 26, అంటే నామినేషన్‌తో పాటు ఇచ్చే ఆస్తుల అఫిడవిట్, చూసినప్పుడు. 2019 ఫిబ్రవరిలో మీ శాఖే దాన్ని సవరించి ఐదేళ్ల ఆదాయం, విదేశీ ఆస్తులు చూపించాలంది. ఎవరివి? అభ్యర్థివి, భార్య లేదా భర్తవి, అవిభక్త కుటుంబానివి, అభ్యర్థి మీద ఆధారపడినవాళ్లవి. సొంత సంపాదన ఉన్న కొడుకు ఆ లెక్కలోకి రాడు. అల్లుడూ తమ్ముడూ అంతే. రేపు ఆ కొడుకు కంపెనీకి ప్రభుత్వ కాంట్రాక్టు దక్కి, ఆ కంపెనీ వాటాలు అసలు యజమానుల పేర్లు బయటికి తెలియని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లోని ఇంకో కంపెనీ చేతిలో ఉంటే, అఫిడవిట్ ఎన్నిసార్లు తిరగేసినా ఓటరుకు ఏమీ దొరకదు. మంత్రుల ప్రవర్తనా నియమావళి కూడా ఇక్కడ సాయపడదు. ప్రభుత్వ లైసెన్సుల మీద, లీజుల మీద నడిచే వ్యాపారాన్ని మంత్రి వదులుకోవాలంటూనే, అప్పటికే అందులో ఉన్న పెద్దయిన కొడుక్కో బంధువుకో రాసిచ్చేయొచ్చని అదే చెబుతోంది.

విదేశీ కంపెనీల వెనకున్న యజమానుల వివరాలు లీకైన 2016 పనామా పత్రాల్లో అప్పటి పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫ్ పేరు నేరుగా లేదు, ఆయన పిల్లల కంపెనీలున్నాయి. అక్కణ్నుంచి మొదలైన విచారణలో, దుబాయ్ కంపెనీ నుంచి రావాల్సిన జీతం నామినేషన్‌లో చూపలేదని 2017లో పాకిస్తాన్ సుప్రీంకోర్టు ఆయన్ని పదవికి అనర్హుడిగా ప్రకటించింది. ఐస్‌లాండ్ ప్రధాని ఒక విదేశీ కంపెనీలో తన సగం వాటాను ఒక్క డాలరుకి భార్యకు అమ్మేశాడు. అది బయటపడ్డాక కుర్చీ దిగాడు. ఈ రెండూ పత్రికల వాళ్ల చేతికి కాగితాలు చిక్కబట్టి తెలిసినవి. మన ఓటరు కూడా లీకుల కోసం ఎదురుచూడాలా?

విశాఖలో ఈ ప్రశ్నకి బరువెక్కువ. పోర్టులో బెర్తు, సెజ్‌లో స్థలం, భీమిలి తీరాన లీజు, ఏది కావాలన్నా ప్రభుత్వ సంతకం పడాలి. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి, ఆర్ కార్డులు (నిర్వాసితుల కార్డులు) పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్లుగా తిరుగుతున్న కుటుంబాలున్న ఊరిది. ఇక్కడి భూమి చివరికి ఎవరి చేతికి పోతోందో తెలుసుకునే హక్కు వాళ్లకి లేదా?

విదేశాల్లో కంపెనీ పెట్టడమే నేరమని నేననను. పెద్దయిన పిల్లల సంపాదన వాళ్ల సొంత విషయమన్న మాటా ఒప్పుకుంటాను. ప్రభుత్వంతో లావాదేవీ లేనివాళ్ల జోలికి పోనక్కర్లేదు. కాంట్రాక్టో, భూమో, లీజో తీసుకున్న కొడుకు, కూతురు, అల్లుడు, కోడలు, తోబుట్టువుల కంపెనీలనూ, వాటి వెనకున్న విదేశీ కంపెనీల అసలు యజమానులనూ ఫారం 26లో రాయించండి. దీనికి పార్లమెంటులో బిల్లు అక్కర్లేదు. ఎన్నికల సంఘాన్ని సంప్రదించి, 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనలను గెజిట్ నోటిఫికేషన్‌తో సవరిస్తే చాలు. 2029 నామినేషన్ల లోపు ఆ పని చేయమని కోరుతున్నాను.

ఇట్లు,
విశాఖపట్నం ఓటరు