చిన్నమ్మకు జీతం, మనకు టాక్సు

హన్మకొండ

అరే దోస్తు,

పాపను చూసుకున్నందుకు చిన్నమ్మకు ఇచ్చే పైసలు నీ టాక్సులో తగ్గుతాయా అని ఫోన్లో అడిగావు కదా, అది రెండు మాటల్లో తేలేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

మా పిల్లాడిని చూసేదీ మా చిన్నమ్మే. నర్సంపేట నుంచి ఆర్టీసీ బస్సులో జీరో టికెట్ మీద వస్తుంది. చెప్పులు విడవకముందే వాణ్ణి చంకనేసుకుంటుంది. నెలకు 8 వేలు ఇస్తున్నా. ఫోన్‌పే చేస్తానంటే, "నోట్లే ఇయ్యి బిడ్డా, ఫోన్ల పైసలు కండ్లకు కనవడయి" అంటుంది.

ముందు నీ ఆశ మీద నీళ్లు చల్లాలి. ఇంట్లో పిల్లల్ని చూసుకున్నందుకు ఇచ్చే డబ్బుకు మన దగ్గర ఒక్క రూపాయి మినహాయింపు లేదు. పాత టాక్సు పద్ధతిలో చూపించుకునేది బడి ట్యూషన్ ఫీజే. కొత్త పద్ధతిలో అదీ లేదు. ఇద్దరూ ఉద్యోగం చేస్తేగానీ ఇల్లు గడవని ఈ రోజుల్లో ఇదేం న్యాయమో!

ఇక చిన్నమ్మ వైపు. ఊరికే ఇచ్చే గిఫ్టయితే, చిన్నమ్మ మనకు ఎంతిచ్చినా మనకు టాక్సు పడదు, కానీ మనం ఆమెకిస్తే చట్టం లెక్కలో అక్క కొడుకు బంధువు కాదట! చిన్నమ్మ కూతురికిచ్చినా అంతే. ఆ పిల్ల ఏటా రాఖీ కట్టినా సరే, ఏడాదిలో ఇలా వచ్చిన గిఫ్టులు 50 వేలు దాటితే మొత్తం తీసుకున్నవాళ్ల ఆదాయంలో కలుస్తుంది. అయినా నెలనెలా పనికి ఇచ్చేదాన్ని గిఫ్టని రాసుకోవడమేంటి? అది జీతమే. టెన్షన్ వద్దు, ఏడాదికి 96 వేలే కదా. కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా టాక్సే లేదు.

డాలస్‌లో ఉన్న మా బావమరిదిదైతే వేరే గోస. అక్కడ ఇంట్లో పిల్లల్ని చూసే మనిషికి 2025లో 2,800 డాలర్లు, ఆపైన ఇస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అనే పింఛను, వైద్య పథకాల కింద ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు చెరి 7.65 శాతం కట్టాలి. సొంత అక్కకిచ్చినా అంతే. కన్నతల్లికిస్తే చాలామందికి ఆ కోత ఉండదు, కానీ ఆమెకది ఆదాయమే. అదీ అక్కడ పనిచేసే హక్కుంటేనే. విజిటర్ వీసా మీద వెళ్లిన అత్తమ్మకు జీతమివ్వడం కుదరదు. ఒక్క సుఖం, పిల్లల్ని చూపించుకునే ఆ ఖర్చు మీద అక్కడి తల్లిదండ్రులకు కొంత టాక్సు క్రెడిట్, అంటే కట్టే టాక్సులో తగ్గింపు, వస్తుంది.

నువ్వు మాత్రం మీ చిన్నమ్మ ఖాతాలోనే వేయి, రేపు ఎవరడిగినా చూపించొచ్చు. బతుకమ్మకు చీర వేరేగా పెట్టు, జీతంలో కోయకు. పాప జ్వరం తగ్గిందా? చెల్లెను అడిగానని చెప్పు.

నీ దోస్తు