తెలుగు మళ్ళీ ముక్కలవకుండా చూసినవాళ్ళకి

రాత్రి ఒంటిగంటకి 2.4.1 విడుదల చేశాం. కళ్ళు మండుతున్నాయి. పడుకుని లేచి రాద్దామంటే ఈ మాటలు ఇలా రావు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. తెలుగు వాక్యాన్ని అక్షరాలుగా, పదాలుగా విడగొట్టే చిన్న సీ లైబ్రరీ మాది. దాని 2.4.0 వెర్షన్‌లో, ఆర్మ్ రకం ప్రాసెసర్ మీద లినక్స్ నడిచే మెషీన్లలో తెలుగు మొత్తం చితికిపోయింది. "తెలుగు" అన్న మాట యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతి) 6 కోడ్‌పాయింట్లు (ఒక్కో గుర్తుకి యూనికోడ్ ఇచ్చిన అంకె), 18 బైట్లు. చదివేవాళ్ళ కంటికి 3 అక్షరాలు. మా లైబ్రరీ 3 అని చెప్పాల్సిన చోట 18 అంది. ప్రతి బైటునీ విడిగా కోసేసింది కాబట్టి తెర మీద అక్షరాలు పోయి, లోపల ప్రశ్నార్థకం ఉన్న నల్లటి గుర్తులు వరసగా నిలబడ్డాయి. అదే రోజు మా టెస్టులన్నీ పచ్చగా, అంటే పాసైనట్టు ఉన్నాయి.

ముందుగా చెప్పుకోవాల్సింది ఒకాయన గురించి. పేరు రాయొద్దన్నారు, రాయను. ఒక ఊరి గ్రంథాలయంలో రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న ఆర్మ్ కంప్యూటర్ బోర్డుకి పాత మానిటర్ తగిలించి, పిల్లలు తెలుగు కథలు చదువుకునేలా పెట్టారు. ప్రోగ్రామింగ్ ఆయన వృత్తి కాదు. బగ్ మొదట చూసింది ఆయనే. ఆయన పంపిన రిపోర్టులో బోర్డు మోడల్, ఓఎస్ 32-బిట్టా 64-బిట్టా, కంపైలర్ వెర్షన్, ఇచ్చిన మాట, వచ్చిన బైట్లు వరసగా ఉన్నాయి. అంత శుభ్రమైన రిపోర్టు ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాళ్ళ దగ్గర కూడా అరుదు. దాన్ని మా బాట్ (రిపోర్టుల్ని తనంతట తానే చూసే ప్రోగ్రామ్) "కదలిక లేదు" అని మూసేసింది. ఆయన మళ్ళీ తెరిచారు. బాట్ మళ్ళీ మూసింది. మూడోసారి తెరిచినప్పుడు ఒక్క కటువు మాట లేదు, అదనంగా స్క్రీన్ ఫొటో ఒకటి పెట్టారంతే.

బోర్డు మా ఎవరి దగ్గరా లేదు. ఏ కమిట్ (కోడ్‌లో చేసిన ఒక్కో మార్పు) దగ్గర చెడిందో వెతకాలంటే ఆ బోర్డు మీదే బైసెక్ట్ నడపాలి. 2.3కీ 2.4.0కీ మధ్య 500 కమిట్ల దాకా ఉన్నాయి. సగానికి సగం తగ్గించుకుంటూ పోతే 9 అడుగులు. ఒక్కో అడుగుకి ఆ బోర్డు మీద బిల్డు, టెస్టు కలిపి 25 నిమిషాలు. అప్పుడు ఆయన రాసిన మాట ఇది: "బోర్డు నా దగ్గర ఉంది కదండీ, రాత్రి గ్రంథాలయం మూశాక నేను నడిపిస్తాను, మీరు పడుకోండి."

ఆ మాట చదివాక కాసేపు స్క్రీన్ ముందు ఏమీ చెయ్యలేకపోయాను.

ఆయన చేసిన పని మిగతావాళ్ళకీ పనికొస్తుంది, వివరంగా చెప్తాను. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోని బైసెక్ట్‌ని స్క్రిప్టుతో నడిపితే, స్క్రిప్టు తిరిగిచ్చే అంకెని బట్టి కమిట్ మంచిదో చెడ్డదో గిట్ తేల్చుకుంటుంది. 0 అంటే మంచిది. 1 నుంచి 127 దాకా చెడ్డది. అందులో 125 మాత్రం "ఇది వదిలెయ్" అని. 128 నుంచి పైకి ఏది వచ్చినా బైసెక్ట్ మొత్తం ఆగిపోతుంది. ఇక్కడే ఇద్దరం ఇరుక్కున్నాం. మా టెస్టుల్లో అసర్ట్ (ఇది నిజమేనా అనే తనిఖీ) విఫలమైతే ప్రోగ్రామ్ అబార్ట్ అవుతుంది, షెల్‌కి 134 వస్తుంది. మొదటి రాత్రి మూడో అడుగులో ఆగిపోయి, పొద్దున చూసేసరికి ఏమీ లేదు. ఆయనే స్క్రిప్టు మార్చారు: బిల్డ్ కాకపోతే 125, టెస్టు ఏ రకంగా పడినా 1. బిల్డ్ ఫెయిల్యూర్‌ని కూడా 1 అనేస్తే బైసెక్ట్ అమాయకమైన కమిట్ మీద వేలు పెడుతుంది, అది ఇంకా ప్రమాదం. రెండో రాత్రి దాదాపు నాలుగు గంటల్లో తేలిపోయింది.

కారణం ఒక్క మాట. ఎవరో శుభ్రం చేస్తూ "అన్‌సైన్డ్ చార్" అన్నదాన్ని ఉత్త "చార్" చేశారు. చార్ అంటే ఒక బైటు; అన్‌సైన్డ్ అయితే దాని విలువ ఎప్పుడూ సున్నా లేదా అంతకంటే ఎక్కువ, సైన్డ్ అయితే మైనస్ కూడా కావచ్చు. రివ్యూలో నేనే సరే అన్నాను. ఆ కింద "సున్నా కంటే తక్కువైతే ఇది ఇంగ్లిష్ అక్షరం కాదు" అనే పోలిక ఉంది. తెలుగు అక్షరం ఏదైనా యూటీఎఫ్-8లో దాని మొదటి బైటు 224. ఇంటెల్ మెషీన్ల మీద చార్ సైన్డ్ కాబట్టి 224 కాస్తా మైనస్ 32 అవుతుంది, పోలిక నిజమవుతుంది. లినక్స్ ఆర్మ్ మీద చార్ అన్‌సైన్డ్. 224 అలాగే 224గా ఉంటుంది, ఎప్పటికీ సున్నా కంటే తక్కువ కాదు. సీ ప్రమాణం ఈ నిర్ణయాన్ని కంపైలర్లకే వదిలేసింది, కాబట్టి తప్పు మా కోడ్‌దే.

మరి ఆర్మ్ మా టెస్టుల్లో లేదా అంటే, ఉంది! మ్యాక్ రన్నర్ (టెస్టులు నడిపే మెషీన్) ఆర్మ్ చిప్పే. కానీ ఆపిల్ తన ఆర్మ్ మీద చార్‌ని సైన్డ్‌గానే ఉంచింది. విండోస్ ఆర్మ్ మీదా అంతే. ఆర్మ్ చూసుకున్నాం అని ధైర్యంగా ఉన్నాం, ఆ ధైర్యం మాకు చెడు చేసింది. ప్రాసెసర్ పేరు ఒక్కటీ చాలదు. ప్రాసెసర్, ఓఎస్, కంపైలర్, సీ లైబ్రరీ, ఈ నాలుగూ కలిస్తేనే ఒక ప్లాట్‌ఫామ్.

క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో (ఒక మెషీన్ మీద ఇంకో మెషీన్‌లా నటించే ప్రోగ్రామ్) లినక్స్ ఆర్మ్ జాబ్ (తనంతట తానే నడిచే టెస్టుల వరస) కూడా ఒకటి నడుస్తూనే ఉంది. అది ఎందుకు పట్టుకోలేదో తెలిసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. ఆ జాబ్ వాడే చిన్న కంటైనర్ ఇమేజ్‌లో తెలుగు లోకేల్ (ఆ భాషకి కావాల్సిన సెట్టింగులు) జనరేట్ చేసి లేదు. లోకేల్ లేకపోతే తెలుగు టెస్టులు "స్కిప్" అవుతాయి. స్కిప్ అయితే జాబ్ పచ్చ. తెలుగు కోసం పుట్టిన లైబ్రరీలో తెలుగు టెస్టులే నడవకుండా నెలల తరబడి టిక్ పడుతూ వచ్చింది.

ఇప్పుడు మార్చినవి ఇవి. ఇంటెల్ లినక్స్ మీదే మొత్తం టెస్టుల్ని రెండుసార్లు బిల్డ్ చేస్తున్నాం, ఒకసారి "-ఎఫ్‌సైన్డ్-చార్", ఒకసారి "-ఎఫ్‌అన్‌సైన్డ్-చార్" ఫ్లాగ్‌తో. ఈ చిట్కా కూడా ఆ గ్రంథాలయం ఆయన వెతికి పంపిందే. బోర్డు లేకుండా, ఎమ్యులేటర్ లేకుండా నాలుగు నిమిషాల్లో ఎర్రబడుతుంది. స్కిప్‌ల సంఖ్యని ప్లాట్‌ఫామ్‌వారీగా ఒక ఫైల్లో రాసిపెట్టాం. ఆ అంకె ఒక్కటి పెరిగినా జాబ్ పడుతుంది, పెంచాలంటే ఎవరో ఒకరు కారణం రాసి కమిట్ చెయ్యాలి. ఒక జాబ్ పడగానే మిగతావి రద్దయిపోయే సెట్టింగ్ తీసేశాం. ఏయే ప్లాట్‌ఫామ్‌ల మీద పడిందో కలిపి చూస్తేనే కారణం బయటపడుతుంది. రన్నర్ పేరులో "లేటెస్ట్" అని ఉన్న చోటల్లా వెర్షన్ అంకె పెట్టాం.

అన్నిటికంటే ముఖ్యమైనది, టెస్టుని నమ్మే ముందు దాన్ని పడగొట్టి చూడటం. పాత బగ్‌ని ఒక బ్రాంచ్‌లో కావాలని తిరిగి పెట్టాం. ఇంటెల్ సైన్డ్ పచ్చ, ఇంటెల్ అన్‌సైన్డ్ ఎరుపు, లినక్స్ ఆర్మ్ ఎరుపు, మ్యాక్ ఆర్మ్ పచ్చ. అనుకున్నట్టే వచ్చాక గానీ ఆ టెస్టుని మెయిన్‌లో (అసలు కోడ్‌లో) కలపలేదు.

ఎమ్యులేటర్ గురించి ఒక హెచ్చరిక. 2003లో ఫాబ్రీస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన క్యూఈఎంయూ లేకపోతే మాలాంటి ప్రాజెక్టులకి దిక్కే లేదు, ఆ బృందానికి దండాలు. కానీ ఇంటెల్ మీద నడిచే ఎమ్యులేటర్ ఆర్మ్‌లోని సడలిన మెమరీ క్రమాన్ని పూర్తిగా చూపించలేదు. థ్రెడ్ల మధ్య రేస్‌లు (ఏది ముందు నడిచింది అన్నదాన్ని బట్టి వచ్చే తప్పులు) అక్కడ దాక్కునే ఉంటాయి. వాటికి అసలు బోర్డే కావాలి. అందుకే ఆయన బోర్డు రోజూ రాత్రి మా టెస్టులు నడుపుతోంది. దాని మీద మెయిన్‌లో కలిసిన కోడ్ మాత్రమే నడుస్తుంది. ముక్కూ మొహం తెలియని పుల్ రిక్వెస్ట్‌ని (బయటివాళ్ళు పంపిన మార్పు) ఒక మనిషి సొంత బోర్డు మీద నడపనివ్వం.

ఒక్క మాట కోపంగానే అంటాను. ఉచితంగా దొరికే రన్నర్లంటే అందరూ ముందు తీసుకునేవి ఇంటెల్ లినక్స్, విండోస్, మ్యాక్. తెలుగు చదివే ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను. అక్కడ ఆర్మ్ మీద చార్ అన్‌సైన్డే. ఇంకో వారం గడిస్తే 2.4.0 ఫోన్ యాప్‌లోకి వెళ్ళేది. లైబ్రరీని తమ సరుకులో పెట్టి అమ్ముకునే సంస్థలు కొన్ని ఉన్నాయి, ఒక్క బోర్డు ఇమ్మని అడిగితే జవాబు లేదు. ఊరి గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క బోర్డు మాత్రం మాకు దొరికింది. రిపోర్టులు మూసే ఆ బాట్‌ని ప్లాట్‌ఫామ్ లేబుల్ ఉన్న వాటి జోలికి రాకుండా ఆపేశాం. మనిషి చూడకుండా ఏ రిపోర్టూ మూయకూడదు.

అమ్మకి, అక్కకి, బావగారికి, నాలుగు రోజులు పిల్లల్ని చూసుకున్నందుకు. మీకు వేరే చెప్పాలా!

విండోస్ లాప్‌టాప్ ఇచ్చి రెండు రాత్రులు పక్కనే కూర్చున్న తమ్ముడికి థ్యాంక్స్. గిట్ అక్కడ లైన్ చివర్లు మార్చేసి లైనుకో బైటు చొప్పున పెంచుతోందని, అందుకే టెస్టు డేటాలో స్థానాలు జరుగుతున్నాయని పట్టింది అతనే. ఇప్పుడు ఆ ఫోల్డర్‌ని గిట్ ముట్టుకోకుండా గిట్‌అట్రిబ్యూట్స్ ఫైల్లో రాశాం. డీబగ్ బిల్డ్ కూడా నడపమని పట్టుబట్టాడు. "ఈజ్‌ఆల్ఫా" లాంటి (ఇది అక్షరమా అని చూసే) ఫంక్షన్‌కి మైనస్ విలువ వెళ్తే విండోస్ డీబగ్ రన్‌టైమ్ అక్కడికక్కడ అసర్ట్ చేస్తుంది, రిలీజ్ బిల్డ్ నోరెత్తదు.

అయ్యో, ఫైల్ పేర్ల సంగతి చెప్పిన అమ్మాయిని మరిచేపోయాను. లినక్స్‌లో మామూలుగా ఫైల్ పేరుకి పరిమితి 255 బైట్లు. తెలుగు కోడ్‌పాయింట్ 3 బైట్లు కాబట్టి 85 దాటితే ఫైల్ తెరుచుకోదు. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో తెలుగు కోడ్‌పాయింట్లు 255 దాకా పడతాయి. 90 కోడ్‌పాయింట్ల పేరుతో ఆ అమ్మాయి రాసిన టెస్టు మాకు ఇంకో బగ్ చూపించింది.

ఇంకొకరు. మ్యాక్‌ల పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ ఉన్న డిస్క్ వెతికి తెచ్చి, "కైలాసం" అనే పేరుతో ఫైల్ పెట్టి చూసిన మిత్రుడు. ఆ ఫైల్ సిస్టమ్ ఐత్వాన్ని రెండు గుర్తులుగా విడదీసి దాచుకుంటుంది. ఐత్వాన్ని దాని యూనికోడ్ అంకె 0సి48తో రాస్తే 0సి46, 0సి56గా తిరిగొస్తుంది. 3 బైట్లు 6 అవుతాయి, బైట్లు పోల్చితే ఆ ఫైల్ మనది కాదనిపిస్తుంది. ఇప్పుడు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ (విడిపోయిన గుర్తుల్ని మళ్ళీ కలిపిన రూపం) చేశాకే పోలుస్తున్నాం. ఆ డిస్క్ నా దగ్గరే ఉంది, ఆదివారం తెచ్చిస్తాను.