పురపాలక శాఖ మంత్రి గారికి: కుక్కని ఇచ్చేశాక వచ్చే మూడు నెలల సంగతి

మంత్రి గారూ, నమస్కారమండి.

మేం విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. ఒక దత్తత శిబిరం నుంచి ఏడాదిన్నర వయసున్న ఆడ వీధికుక్కని తెచ్చుకున్నాం. ఆటో గుద్ది వెనక కాలు విరిగితే ఎవరో చేర్చారట. కాలు అతికింది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, గుర్తుగా చెవికి గాటు కూడా ఉంది. సంతకం పెట్టి, ఆధార్ జిరాక్స్ ఇచ్చి, ఫొటో దిగి బయటపడటానికి పావుగంట పట్టింది. ఆ పావుగంట తర్వాత జరిగినదాని గురించే ఈ ఉత్తరం.

బెల్లం (రంగు చూసి మా అమ్మ పెట్టిన పేరు, పెట్టింది కదాని ప్రేమ అనుకోకండి, మంచం ఎక్కితే మా తమ్ముడింటికి వెళ్లిపోతానని అదే నోటితో చెప్పింది) నాలుగు రోజులు దివాన్ కింద నుంచి బయటికి రాలేదు. చీపురు తీస్తే వణుకు. కుక్కర్ విజిల్ వేస్తే గోడకి అతుక్కుపోయేది. ఫ్యాన్ తిరుగుతుంటే పైకే చూస్తూ నేలకి ఆనుకుని పాకేది, అలాంటిది ఎప్పుడైనా చూసి ఉంటే కదా. టైల్స్ మీద కాళ్లు జారిపోయేవి, పాత గోనెసంచులు విప్పి పరిచాక గానీ వంటింటి దాకా రాలేదు. అన్నిటికన్నా కష్టం ఒంటికి పోయడం. పుట్టిన దగ్గర్నుంచి మట్టిలో పోసుకున్న కుక్క గచ్చు మీద పోయదు, లిఫ్ట్ ఎక్కదు, మెట్లు దిగదు. దాదాపు ఇరవై గంటలు బిగబట్టుకుంటే టెన్షన్ తట్టుకోలేక నేనే ఎత్తుకుని కిందికి దింపాను, పదహారు కిలోలు.

తొమ్మిదో రోజు అది తింటుంటే గిన్నె కొంచెం పక్కకి జరపబోయాను, చెయ్యి పట్టేసింది. తప్పు నాదే, రోడ్డు మీద బతికిన కుక్క నోటి దగ్గర కూడు లాగితే ఏం చేస్తుంది! గవర్నమెంట్ ఆసుపత్రిలో ఇంజక్షన్ ఉచితంగానే వేశారు, మళ్లీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు రమ్మన్నారు. ఇంట్లో మాత్రం ఒకటే మాట, తెచ్చిన చోటే వదిలేసి రా అని. శిబిరంలో ఇచ్చిన నంబరుకి చేస్తే ఎత్తలేదు, మర్నాడు ఎత్తి "మీరే సంతకం పెట్టారు కదండీ" అన్నారు. నిజం చెప్తున్నాను, ఆ రాత్రి రైతుబజారు వెనక సందులో వదిలేద్దామని గొలుసు చేతిలోకి తీసుకున్నాను. అది లిఫ్ట్ ఎక్కనంది. అలా మిగిలిపోయింది.

మర్నాడు పై అంతస్తులో ఉండే రిటైరైన పశువైద్యుడు వచ్చి చూశారు. "దాన్ని పిలవకు, ముట్టుకోకు, కళ్లలోకి చూడకు. దివాన్‌కి వీపు పెట్టి కింద కూర్చుని పేపరు చదువుకో. గిన్నె దగ్గరికి ఖాళీ చేతుల్తో వెళ్లకు, ఒక చికెన్ ముక్క పడేసి వెనక్కి వచ్చెయ్" అన్నారు. అంతే వైద్యం! మూడు రోజులు భయం, మూడు వారాలకి ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకి ఇల్లు తనదనుకుంటుందని కుక్కల్ని తెచ్చుకున్నవాళ్లు ఒక లెక్క చెప్తారు. బెల్లానికి ఐదు నెలలు పట్టింది. ఆయన మా పైన ఉండబట్టి సరిపోయింది, లేనివాళ్ల సంగతేంటి?

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, వీధికుక్కల్ని దత్తత తీసుకోవాలనుకునేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని చెప్పింది. బాధ్యత మాదే, ఒప్పుకుంటాను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కలు నాలుగేళ్ల బాబుని చంపేసిన వీడియో చూసినవాణ్ని, కుక్కలంటే భయపడేవాళ్లని తప్పు పట్టను. కానీ శిబిరం అయ్యాక "ఇన్ని కుక్కలకి ఇళ్లు దొరికాయి" అని ఫొటో వేస్తారు చూడండి, ఆ లెక్క ఆ రోజుది. మూడు నెలల తర్వాత వాటిలో ఎన్ని ఇంకా ఇళ్లలో ఉన్నాయో లెక్క వెయ్యమని మీ శాఖ వాళ్లకి చెప్పండి. నాలా గొలుసు పట్టుకున్నవాళ్లు ఎంతమందో, వాళ్లలో ఎందరి కుక్కలు లిఫ్ట్ ఎక్కాయో అప్పుడు తెలుస్తుంది.

పెద్ద ఖర్చేం కాదండి. రాత్రి పదింటికి చేసినా మనిషి ఎత్తే నంబరు ఒకటి, వారానికోసారి "ఎలా ఉంది, తింటోందా?" అని అడిగే ఫోను. సంతకానికి ముందు ఒక నెల ఇంట్లో ఉంచుకుని చూసే వీలు కూడా ఇస్తే, కుదరనివాళ్లు సందులో వదలకుండా సిగ్గుపడకుండా తిరిగి తెచ్చిస్తారు. ఇంకా, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకి చూపించుకోడానికి మీ శాఖ ముద్ర ఉన్న కాగితం. పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది గానీ, మా వాళ్ల ముందు ఆ మాటంటే ఎవరు వింటారు? లిఫ్ట్‌లోకి కుక్కని తేవద్దని నోటీసు అంటించారు. ఈ ఒక్క విషయంలో వాళ్లూ బెల్లమూ ఒకటే మాట మీదున్నారు.

శిబిరాల్లో అందరూ నెలన్నర, రెండు నెలల కుక్కపిల్లల్నే ఎత్తుకుపోతారు, పెద్దవి అక్కడే ఉండిపోతాయి. పిల్లలకి టీకాలన్నీ పూర్తికావు, మిగతా డోసులు ఎప్పుడో ఎక్కడో ఒక కార్డు మీద రాసిస్తే పార్వోతో (కుక్కపిల్లలకి వచ్చే వాంతులు, విరేచనాల జబ్బు) పోయేవి కొన్నయినా తగ్గుతాయి.

దీపావళి లోపు ఆ నంబరొక్కటైనా పెట్టించండి. టపాకాయల మోతకి కొత్తగా వచ్చిన కుక్కలు బెదిరి తలుపు సందు దొరికితే పారిపోతాయి. ఈ ఉత్తరం రాస్తుంటే కింద పెళ్లి బ్యాండు వెళ్తోంది, బెల్లం బాత్‌రూమ్‌లో దూరింది, మా అమ్మ తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. మంచం సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

ఇట్లు,
ఎంవీపీ కాలనీ నుంచి, బెల్లం ఇంటివాళ్లు