కాలిబాట ఊళ్లోకి దిగే చోట ఒక బోర్డు పెట్టించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సెలవు దొరికితే చాలు, వీపుకి బ్యాగు తగిలించుకుని రోజుల తరబడి నడిచే మనిషిని నేను. కాలిబాటల పక్కనున్న చిన్న ఊళ్లలో తిండి, కొనుగోలు, రాత్రి బస గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. బాట వేయడం మీద అందరికీ శ్రద్ధ ఉంది. ఆ బాట ఒక ఊళ్లోకి వచ్చాక నడిచేవాళ్ల గతి ఏమిటన్నది మాత్రం ఎవరూ తమ పని అనుకోవడం లేదు.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. ఇరవై ఆరు కిలోమీటర్లు నడిచి, వానలో నిలువునా తడిసి, ఏడున్నరకి ఒక ఊరు చేరాను. అక్కడ రెండు హోటళ్లు, ఒక లాడ్జి ఉన్నాయని ఫోన్‌లో మ్యాపు చూపించింది. మొదటి హోటల్ మూతపడి ఏడాది దాటిందట. రెండోదానికి ఆ రోజు సెలవు. లాడ్జి ఉంది కానీ, నాలుగు కిలోమీటర్ల అవతల, హైవే మీద. కారులో వచ్చినవాళ్లకి అది ఐదు నిమిషాల దూరం. కాళ్లు బొబ్బలెక్కిన నాకు గంటన్నర పట్టింది. ఫుట్‌పాత్ లేదు, వీధి దీపాలు లేవు, పక్క నుంచి రాసుకుపోతున్నట్టు లారీలు. అడవిలో ఎన్నో రాత్రులు పడుకున్నాను గానీ ఆ రోడ్డు మీద పడినంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు. మర్నాడు తెలిసింది, నేను ఊళ్లోకి వచ్చిన సందులోనే ఒకావిడ తమ ఇంట్లో రెండు గదులు అద్దెకి ఇస్తారని, చెబితే భోజనం కూడా పెడతారని. ఆ మాట చెప్పే బోర్డు ముక్క ఎక్కడా లేదు.

అందుకే నేను అడిగేది ముందుగా బోర్డు. బాట ఊళ్లోకి దిగే చోటే ఉండాలి, బస్టాండ్ దగ్గర కాదు. ఎక్కడ తినొచ్చు, ఎక్కడ పడుకోవచ్చు, కిరాణా కొట్టు, మందుల షాపు, మంచినీళ్ల కుళాయి ఎటు ఉన్నాయి అన్నవి రాయించండి. దూరం కిలోమీటర్లలో కాకుండా నడిచే నిమిషాల్లో రాయించండి. ఏ వేళకి మూస్తారో, వారంలో ఏ రోజు సెలవో కూడా ఉండాలి. తర్వాతి ఊరికి ఎన్ని గంటలు పడుతుందో తెలిస్తే, ఆగాలా సాగాలా అన్నది అక్కడే తేల్చుకోవచ్చు. దీనికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. స్పెయిన్‌లో సాంతియాగో నగరానికి నడిచి వెళ్లే క్రైస్తవ యాత్రా మార్గానికి 1980లలో పసుపు రంగు బాణం గుర్తులు వేస్తూ పోయింది ఎలియాస్ వాలిన్యా అనే ఒక చర్చి ఫాదరు. ఇప్పుడు ఏటా నాలుగు లక్షల మందికి పైగా ఆ యాత్ర పూర్తి చేసి ధ్రువపత్రం తీసుకుంటున్నారు. ఇప్పటికీ దారి చూపించేవి ఆ పసుపు బాణాలే.

బస విషయంలోనూ ఆ దారి నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. అక్కడ ఊరూరా ఆల్బెర్గే అనే సత్రాలు ఉంటాయి. కొన్ని పంచాయతీలవి, కొన్ని చర్చివి, కొన్ని ప్రైవేటువాళ్లవి. అంతస్తుల మంచాలు, వేడినీళ్లు, బట్టలు ఆరేసుకునే తాడు, అంతే. మామూలుగా ఒక రాత్రికి మించి ఉండనివ్వరు. జబ్బు చేస్తే తప్ప, పొద్దున్నే మంచం ఖాళీ చేసి వెళ్లిపోవాలి. ఆ కాస్త నియమం వల్లే సాయంత్రం కొత్తగా వచ్చేవాళ్లకి చోటు దొరుకుతుంది. ఊళ్లో ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ భవనం ఒక్కటి ఇలా వాడకంలోకి తెచ్చినా చాలు. దయచేసి ఊరి బయట రిసార్టుకి అనుమతి ఇచ్చి, బస సమస్య తీరిపోయిందని అనుకోకండి.

జపాన్‌లో త్సుమాగో అనే చిన్న ఊరు ఉంది. క్యోటో నుంచి ఇప్పటి టోక్యోకి వెళ్లే పాత నకసెందో దారిలో మజిలీ ఊరు. ఆ ఊరివాళ్లు 1971లో ఒక కట్టుబాటు చేసుకున్నారు: ఇళ్లు అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, కూల్చొద్దు. పక్క ఊరు మగోమే నుంచి ఎనిమిది కిలోమీటర్ల కొండదారి నడిచి వచ్చేవాళ్ల సామాన్లని రెండు ఊళ్ల మధ్య చేరవేసే ఏర్పాటు కూడా ఉంది. వయసు మళ్లినవాళ్లు చేతులూపుకుంటూ నడిచి రావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక దుకాణాలు. నడిచేవాళ్లకి పెద్ద ప్యాకెట్లు పనికిరావు. మోసుకెళ్లగలిగింది రెండు మూడు రోజుల తిండే కాబట్టి చిన్న పొట్లాలు కావాలి. బొబ్బల మీద వేసుకునే ప్లాస్టరు, పొడి సాక్సులు, ఓఆర్ఎస్, స్టవ్‌కి గ్యాసు డబ్బా, బూట్ల తాళ్లు, ఇవి ఉంటే ఆ కొట్టు దాటి ఎవరూ వెళ్లరు. కొట్టు ఉదయం ఆరింటికే తెరవాలి, ఎండ ఎక్కకముందే బయల్దేరతాం కాబట్టి. అమెరికాలో పద్నాలుగు రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అప్పలాచియన్ ట్రెయిల్ మీద నడిచేవాళ్లు, ముందున్న ఊరి పోస్టాఫీసుకి తమ పేరు మీదే తిండి పార్సిల్ పంపుకుంటారు. వాళ్లు వచ్చి తీసుకునేలా ఆ పోస్టాఫీసు దాన్ని కొన్నాళ్లు భద్రంగా ఉంచుతుంది. అక్కడ నడిచేవాళ్లు బస చేసే హాస్టళ్లలో ఒక పెట్టె పెడతారు, బరువనిపించినవి అందులో వదిలేస్తారు, కావాల్సినవాళ్లు తీసుకుంటారు. ఆ పెట్టెకి ఖర్చేమీ లేదు. పార్సిళ్ల సంగతి మాత్రం తపాలా శాఖతో మీరే మాట్లాడాలి.

డబ్బు పెట్టాలనుకుంటే ఊళ్లో ఇప్పటికే ఉన్న చిన్న హోటల్‌కి, ఇంట్లో గది ఇచ్చే ఆవిడకి చిన్న అప్పులు ఇప్పించండి. అమెరికాలోనే పాత రైలు మార్గం మీద వేసిన 240 కిలోమీటర్ల నడక, సైకిల్ బాట గ్రేట్ అలెఘేనీ పాసేజ్ పక్కనున్న ఊళ్లలో, 2007లో మొదలైన ట్రెయిల్ టౌన్ కార్యక్రమం అలా చిన్న వ్యాపారాలకే చేయూతనిచ్చింది.

చివరగా మళ్లీ బోర్డు గురించే ఒక మాట. దాని అడుగున, ఆ వివరాలు ఎప్పుడు సరిచూశారో తేదీ వేయించండి. మూడు నెలలకోసారి ఊరంతా నడిచి చూసి, మూతపడినది కొట్టేసి, కొత్తగా తెరిచింది రాసే బాధ్యత ఊళ్లోనే ఒకరికి అప్పగించి, ఆ పనికి జీతం ఇవ్వండి. తేదీ లేని బోర్డుని తడిసిన బట్టలతో, ఆకలితో వచ్చిన మనిషి ఎలా నమ్ముతాడు?

ఇట్లు,
బాట మీది నుంచి ఒక నడక మనిషి