చీటీల అట్ట, మీవాడి క్రేట్లు

సత్యనారాయణపురం,
విజయవాడ.

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం అందింది. మీవాడు ఫోన్ ఆటలో క్రేట్లు, అంటే లోపల ఏముందో తెలియని బహుమతి పెట్టెలు, డబ్బు పెట్టి తెరుస్తున్నాడని రాశావు. ముందు పిల్లాడి మీద చెయ్యి చేసుకోకు. వాడు చేసింది దొంగతనం కాదు, లెక్క తెలియక డబ్బు పోగొట్టుకున్నాడు. ఆ లెక్క పెద్దవాళ్లకీ ఓ పట్టాన అందదు, ఆటని అలాగే కట్టారు మరి. కాఫీ తెచ్చుకుని కూర్చో, కాస్త పెద్ద ఉత్తరమే ఇది.

బడి పక్క కొట్లో వేలాడే అట్ట గుర్తుందిగా? నిండా మడిచి అంటించిన చీటీలు, పావలా ఇస్తే ఒకటి చింపడం. అట్ట మీద 100 చీటీలుంటే, కొట్టాయన నిజాయితీగా ఉంటే, పెద్ద బెలూను చీటీ వాటిలో ఎక్కడో ఉండి తీరాలి. 99 చింపినా రాకపోతే మిగిలింది అదే. క్రేట్ల సంగతి అలా కాదు. చింపిన చీటీని మళ్లీ అట్టకే అంటించి, కలిపేసి, ఇంకోటి చింపమంటారు. అందుకే 1% అని రాసుంటే నూరింటికి ఒకటి ఖాయం అనుకోకూడదు. నూరుమంది పిల్లలు తలా నూరుసార్లు తీస్తే, సుమారు 37 మంది ఉత్తచేతులతో ఇంటికి పోతారు. సగానికి సగం అవకాశం కావాలంటే 69 సార్లు, నూటికి తొంభై పాళ్లు కావాలంటే 230 సార్లు తియ్యాలి. "ఇన్ని తీశాను, ఇప్పుడు ఆపితే ఎలా" అని మీవాడు అన్నాడని రాశావే, ఆ మాట అట్ట దగ్గర నిజం, ఇక్కడ ఉత్తది.

కొన్ని ఆటల్లో 'పిటీ' అని ఉంటుంది, ఇన్నిసార్లు తీస్తే తప్పకుండా ఇస్తామని హామీ. జెన్షిన్ ఇంపాక్ట్‌నే చూడు. అయిదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం మొదట్లో 0.6%, తొంభయ్యోసారికి ఏదో ఒకటి గ్యారంటీ. కానీ ఆ వచ్చేది మనం కోరినదే కాకపోవచ్చు. కాకపోతే ఆ తర్వాతది కోరినదే ఇస్తారు. అంటే మరీ అదృష్టం లేనివాడికి 180 తియ్యాలి. ఒక్కోసారికీ ఆటలో డబ్బులా చెల్లే రాళ్లు 160, మొత్తం 28,800. హామీ ఉందా అని కాదు, పూర్తి హామీకి ఎన్ని అని అడగాలి.

ఇక రూపాయిని దాచే పద్ధతి. సుమారుగా ఓ లెక్క వేస్తా. 100 నాణేల ప్యాకెట్టు ₹90, ఒక స్పిన్‌కి 60 నాణేలు అనుకో. ఒక ప్యాకెట్టు కొని ఒకసారి తిప్పితే 40 మిగుల్తాయి. ఇంకో 20 చాలు, కానీ 20 విడిగా అమ్మరు. ఇంకో ప్యాకెట్టు కొంటే 140, రెండుసార్లు తిప్పాక 20 మిగులు. మూడోది కొంటేగానీ ఖాతా సున్నాకి రాదు. ₹270కి అయిదు స్పిన్‌లు, ఒక్కోటి ₹54. ఆ ₹54 తెర మీద ఎక్కడా కనపడదు, మిగిలిన చిల్లరే ఇంకోటి కొనిపిస్తుంది. పైన చెప్పిన 230 సార్లకి ఇదే ధరన ₹12,420. ఒక తుపాకీ రంగు మార్చడానికి! నువ్వు మిర్చి యార్డులో శాంపిల్ చెయ్యి పెట్టి చూడకుండా ఒక్క టిక్కీ, ఒక్క బస్తా అయినా కొంటావా?

శాతాలు చూపించాలని యాపిల్ 2017 డిసెంబరులో, గూగుల్ ప్లే 2019లో నిబంధన పెట్టాయి. క్రేట్ పక్కన చిన్న 'ఐ' గుర్తో ప్రశ్నార్థకమో ఉంటుంది, నొక్కు. అక్కడా ఓ మెలిక ఉంది. "లెజెండరీ 2%" అంటే ఆ జాతి మొత్తానికి. అందులో ఎనిమిది వస్తువులు సమాన అవకాశంతో ఉంటే మీవాడికి కావలసిన ఒక్కటి 0.25%, అంటే నాలుగొందల్లో ఒకటి. కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట పెట్టెల్లో కత్తి వచ్చేది 0.26%. చక్రం కత్తి మీద ఆగబోయి పక్కకి జారినట్టు కనిపిస్తుంది చూడు, అదంతా బొమ్మలాట. మీట నొక్కగానే ఫలితం సర్వర్‌లో తేలిపోయింది.

ఈ రాత్రే చెయ్యాల్సిన పని రాస్తా. ప్లే స్టోర్‌లో నీ ఫొటో నొక్కి సెట్టింగ్స్‌కి వెళ్లి, కొనేటప్పుడు ధ్రువీకరణ అడిగే దాన్ని ప్రతి కొనుగోలుకీ పెట్టు. ఇది ఫోన్‌కి ఫోన్‌కి విడి, ఇంట్లో మూడు ఫోన్లుంటే మూడింటిలో పెట్టాలి. ఫోన్‌లో వాడి వేలిముద్ర ఉందేమో చూసి తీసెయ్యి, లేకపోతే ఈ తాళం ఉన్నా లేనట్టే. 'బడ్జెట్' పెట్టుకునే వీలుంది గానీ అది హెచ్చరిస్తుందే తప్ప ఆపదు. దాన్ని నమ్ముకోకు. యూపీఐ లైట్‌కి పిన్ అడగదు, అందులో డబ్బుంచకు. ఆటోపే జాబితా తెరిచి తెలియని మ్యాండేట్, అంటే దానంతటదే డబ్బు కోసుకునే అనుమతి, ఉంటే రద్దు చెయ్యి. చెల్లెమ్మ ఐఫోన్‌లో అయితే స్క్రీన్ టైమ్‌లో యాప్ లోపలి కొనుగోళ్లు వద్దని పెట్టి, ఆ పాస్‌కోడ్ మీ ఇద్దరికే తెలిసేలా ఉంచండి.

పోయిన డబ్బు మాటకొస్తే, ప్లే స్టోర్‌లోనే 'పేమెంట్స్' కింద కొన్న చరిత్ర తారీకుతో సహా ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు పోయినట్టే కనపడుతుంది గానీ అది ఏ ఆటకి పోయిందో తెలీదు, ఇక్కడ తెలుస్తుంది. 48 గంటల లోపు కొన్నవాటికి గూగుల్‌నే వాపసు అడుగు, పాతవాటికి ఆట కంపెనీకి రాయి. బ్యాంకులో కొట్లాడి వెనక్కి తీసుకుంటే ఆట ఖాతా ఆపెయ్యొచ్చు, ఆ సంగతి వాడికి ముందే చెప్పు. "ఫ్రీ డైమండ్స్" అని లింకు పంపి ఓటీపీ అడిగినవాడి వల్ల డబ్బు పోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

చట్టం ఏమంటుందని అడిగావు. బెల్జియం 2018లో ఈ క్రేట్లని జూదమే అని తేల్చింది. మనదగ్గర డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల మీద ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో చట్టాలు తెచ్చాయి గానీ ఈ క్రేట్ల (లూట్ బాక్సులంటారు) ఊసు విడిగా ఎత్తలేదు.

అన్నీ మానిపించెయ్యమని నేననను. ధర ముందే రాసి, కొన్నదే చేతికొచ్చే స్కిన్ (ఆటలో పాత్రకో తుపాకీకో వేసే కొత్త వేషం) అయితే పండక్కి చొక్కా కొన్నట్టే. సీజన్ పాస్, అంటే ఆడుతూ ఎక్కిన మెట్టుమెట్టుకీ బహుమతులిచ్చే టిక్కెట్టు, కావాలంటే చివరి వారం దాకా ఆగమను. చాలా ఆటల్లో అప్పుడు కొన్నా, అప్పటిదాకా ఎక్కిన మెట్ల బహుమతులన్నీ ఒకేసారి వచ్చేస్తాయి, మెట్లు ఎక్కకపోతే డబ్బు మిగుల్తుంది.

వాడు తీస్తున్న క్రేట్ దగ్గరి 'ఐ' పేజీ, నాణేల ప్యాకెట్ల ధరల పేజీ రెండూ ఫొటో తీసి పంపు. రూపాయల్లో ఎంతవుతుందో వేసి పంపుతా, వాడి చేతే చదివించు.

ఉంటాను,
నీ
రాంబాబు