మట్టి ట్రాకులూ, షెడ్డులో పుట్టిన కార్లూ: మన సంఘం ఈ ఏటి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కార్యదర్శిగా ఇది నా రెండో నివేదిక. పోయినేడు రాసింది పేజీన్నర. పొద్దున్నే లేచి ఉప్మా తింటూ టీవీలో ఫార్ములా వన్ చూడటం, పిల్లల్ని గో-కార్టింగ్‌కి తీసుకెళ్లడం తప్ప అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఈసారి కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి. న్యూజెర్సీలోనూ తూర్పు పెన్సిల్వేనియాలోనూ ఉంటున్న తెలుగువాళ్లలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లం కలిసి పెట్టుకున్న ఈ చిన్న సంఘానికి ఇన్నాళ్లకి ఒక పని దొరికింది: ఇక్కడి పాత మట్టి ట్రాకు రేసుల జ్ఞాపకాలు కూడగట్టడం. దొరికింది కూడా అనుకోకుండానే.

ఫ్లెమింగ్టన్ దగ్గర ఇల్లు కొనుక్కున్న మన సభ్యుడొకాయన్ని ఏప్రిల్‌లో పక్కింటి పెద్దాయన "ఇరుసు ఎత్తాలి, ఒక చెయ్యి వేస్తావా" అని పిలిచారు. ఆయనకి 80 దాటాయి. గ్యారేజీలోకి వెళ్లి చూస్తే 1930ల నాటి కూపే (రెండు తలుపుల చిన్నకారు) బాడీ ఒకటి ఉంది. మడ్‌గార్డులు లేవు, అద్దాలు లేవు, తలుపులు తెరుచుకోకుండా వెల్డింగ్ కొట్టేసి ఉన్నాయి. మనవాడు తుక్కు అనుకున్నాడట. "ఫ్రాంకీ ష్నైడర్ పేరు విన్నావా?" అని పెద్దాయన అడిగితే లేదన్నాడు. ఇరుసు కింద పెట్టి రెండు గంటలు మాట్లాడారట ఆయన. ఆ రాత్రి మన వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫోటోలు మీరంతా చూశారు.

చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ష్నైడర్ 1926లో పుట్టారు, మనకి దగ్గర్లోని లాంబర్ట్‌విల్ ఆయన ఊరు. మాడిఫైడ్ కార్లు, అంటే పాత కార్లని మార్చి కట్టిన రేసుకార్లు, ఆయన చేతి విద్య. అమెరికాలో ఈ కార్ల రేసులు నడిపే సంస్థ నాస్కార్, దాని మాడిఫైడ్ విభాగంలో 1952 ఛాంపియన్. పెద్ద కార్ల గ్రాండ్ నేషనల్ పోటీల్లో ఆయన ఖాతాలో ఉన్నది ఒకటే గెలుపు, 1958లో వర్జీనియాలోని మనాసస్‌లో. వారానికి నాలుగైదు రాత్రులు నాలుగైదు ఊళ్లలో మట్టి మీద పరిగెత్తడమే ఆయన బతుకుతెరువు. కారు తనే కట్టుకుని, తనే రిపేరు చేసుకుని, తనే తోలేవారు. ఇక్కడివాళ్లు ఆయన్ని "ఓల్డ్ మాస్టర్" అనేవారు. మన భాషలో పాత మేస్త్రి అనుకోండి. 2018లో పోయారు. మొత్తం గెలుపులు 750 దాటాయని అభిమానులంటారు, ఒక్క 1958లోనే 100 అంటారు. ఈ లెక్కల మీద ఏడాదంతా జరిగిన గొడవ సంగతి కిందకొస్తుంది.

జూన్ నుంచి అక్టోబర్ దాకా నాలుగు ఆదివారాలు, మన సభ్యుల ఇళ్లలోనే, పాత అభిమానుల్ని పిలిచి వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేశాం. మొదటిసారి ముగ్గురు వచ్చారు. మిరపకాయ బజ్జీలు కాస్త ఇబ్బంది పెట్టాయి గానీ పులిహోర నచ్చింది. రెండోసారికి ఆ ముగ్గురూ ఇంకో ఆరుగురిని వెంటబెట్టుకొచ్చారు. ఆల్బమ్‌లు, మాసిపోయిన ప్రోగ్రాం పుస్తకాలు, ఒకరైతే గాజుసీసాలో ఫ్లెమింగ్టన్ ట్రాక్ మట్టి తెచ్చారు. ఆ ట్రాక్ 1990 సీజన్ దాకా మట్టిదే. తర్వాత తారు పోశారు, 2002లో మూసేశారు. ఇప్పుడు ఆ మట్టి చూడాలంటే ఆ సీసాయే గతి.

మేం రేసుల గురించి అడిగాం, వాళ్లు ఎక్కువగా దుమ్ము గురించి చెప్పారు. ఇంటికెళ్లి స్నానం చేస్తే నీళ్లు కాఫీ రంగులో పోవడం, శాండ్‌విచ్‌ని రుమాలులో చుట్టుకుని కొంచెం కొంచెం బయటికి తీసి కొరుక్కోవడం, నాన్న భుజం మీద కూర్చుని నాలుగో మలుపు దగ్గర మట్టిపెళ్ల నుదుటికి తగిలించుకోవడం. ఆ మచ్చ ఇప్పటికీ ఉందని ఒకాయన టోపీ తీసి చూపించారు. లాంగ్‌హోర్న్ గురించి అడిగితే మాత్రం అందరి గొంతూ తగ్గింది. మైలు పొడవున్న గుండ్రటి ట్రాక్ అది, తిన్నగా ఉండే చోటంటూ లేదు, మొదటి నుంచి చివరిదాకా మలుపే. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారక్కడ. 1965లో తారు పోశారు, 1971లో మూతపడింది.

ఈ ఏడాది మన సంఘానికి దొరికిన అసలైన ఆస్తి మూడో ఆదివారం వచ్చిన ఒక పెద్దావిడ నోటుబుక్కులు. ఆవిడ భర్తకి రేసుల పిచ్చి, ఆవిడకి లేదు. ఊరికే కూర్చోలేక పెన్సిలుతో రాసేవారట: ఏ లాప్‌కి ఎవరు ముందు, ఎవరు గోడకి కొట్టారు, ఎన్నింటికి వాన మొదలైంది. పదకొండు పుస్తకాలు. మగవాళ్లు గుండె మీద చెయ్యి వేసుకుని "ఆ రాత్రి ఆఖరి లాప్‌లో దాటాడు, నా కళ్లతో చూశాను" అంటుంటే, ఆవిడ కళ్లజోడు సవరించుకుని పేజీలు తిప్పి "ఆ రాత్రి వానకి రేసే జరగలేదు" అన్నారు. ఇలా మూడుసార్లైంది. నాలుగోసారి మాట్లాడబోయినాయన ముందు ఆవిడ వైపు చూసి, ఆ తర్వాతే మొదలుపెట్టారు.

గెలుపుల లెక్క తేలకపోవడానికి కారణం కూడా ఆవిడ మాటల్లోనే అర్థమైంది. ఒక్కో ఊరి ట్రాక్‌కి ఒక్కో యజమాని. కొందరు ఫలితాలు పేపరుకి పంపేవారు, కొందరు పంపేవారు కాదు. హీట్ రేసుల్నీ (ముందు జరిగే చిన్న అర్హత పోటీలు) ఫీచర్ రేసుల్నీ (ఆ రాత్రి అసలు పోటీ) కలిపేసి లెక్కేసుకునే అభిమానులూ ఉన్నారు. అందుకే మన రికార్డుల్లో ఎవరు ఏది చెబితే అది వాళ్ల మాటగానే రాశాం, నోటుబుక్కులో ఉన్నది పక్కన వేరే గడిలో పెట్టాం. రెండూ కలిపి ఒకే లెక్క తేల్చాలని కమిటీలో ఇద్దరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. అభ్యంతరం ఉన్నవాళ్లు సమావేశంలో అడగొచ్చు.

ఇక కార్ల సంగతి. పాత ఫోటోలు చూసి మేమంతా తలలు పట్టుకుంటే, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పెరిగిన మన సభ్యుడు ఒక్క చూపులో చదివేశాడు. "ఇది మా నాన్న పనే కదా, ఇంగ్లీషులో చేశారు, అంతే" అన్నాడు. యుద్ధం తర్వాత ఇక్కడి తుక్కు యార్డుల్లో 30ల నాటి ఫోర్డ్, షెవర్లే కూపేలు పిసరంత ధరకి దొరికేవి. చిన్నవి, తేలికవి. మడ్‌గార్డులు పీకేసి, లోపల ఇనుప పైపులు వంచి పంజరంలా వెల్డింగ్ చేసేవారు, బోల్తా కొడితే తల మిగలాలని. సీటు బెల్టులు మిలిటరీ వాళ్లు అమ్మేసిన విమానాలవి. ఇంజిన్ ఎక్కువగా ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8. అది 1932లో వచ్చినప్పుడు 65 హార్స్‌పవర్. దాని సిలిండర్లు బోరింగ్ చేయించి, స్ట్రోకు ఎక్కువుండే మెర్క్యురీ (ఫోర్డ్ వాళ్లదే ఇంకో కారు) క్రాంక్ ఎక్కించి, ఒక కార్బురేటర్ ఉన్నచోట రెండో మూడో పెట్టేవారు. వేడెక్కడం దాని పుట్టుకరోగం. 1955లో షెవర్లే చిన్న వీ8 వచ్చాక ఫ్లాట్‌హెడ్‌ల రోజులు మెల్లగా అయిపోయాయి.

మా అందరికీ బాగా నచ్చింది టైర్ల కిటుకు. ఇక్కడి ఓవల్ ట్రాకుల్లో తిరిగేది ఎప్పుడూ ఎడమకే. అందుకని వెనక కుడి టైరు చుట్టుకొలత ఎడమదానికంటే ఎక్కువుండేలా పెడతారు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి కాబట్టి పెద్ద టైరు వైపు ఎక్కువ దూరం దొర్లి, కారు తనంతట తనే ఎడమకి వంగుతుంది. కాగితం గ్లాసుని నేల మీద దొర్లిస్తే గుండ్రంగా తిరుగుతుంది చూడండి, అదే. పిల్లలకి గ్లాసుతోనే చూపించాం. మట్టి మీద మలుపులో వెనక భాగం జారుతుంటే స్టీరింగ్ కుడికి తిప్పి, యాక్సిలరేటర్‌తో కారుని ఎడమకి తోలాలన్న సంగతి మాత్రం గ్లాసుతో చూపించలేకపోయాం. మట్టి కూడా రాత్రంతా ఒకలా ఉండదు. సాయంత్రం నీళ్ల ట్యాంకరుతో తడిపినప్పుడు జిగురుగా పట్టుకుంటుంది. పది గంటలకి ఆరి, నున్నబడి, గచ్చులా జారుతుంది. ఏ గంటకి ఎక్కడ తడి మిగిలిందో కళ్లతో కనిపెట్టి అక్కడ చక్రం పెట్టినవాడిదే రేసు. చెరువు కింద పొలం చేసినవాళ్లకి ఈ ముక్క వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయిన మారియో ఆండ్రెట్టి కూడా ఇలాంటి కారుతోనే మొదలుపెట్టాడని తెలిసి మన కుర్రాళ్లు ఆశ్చర్యపోయారు. 1955లో ఇటలీ నుంచి పెన్సిల్వేనియాలోని నాజరెత్‌కి వచ్చిన కుటుంబం. కవల అన్నదమ్ములు మారియో, ఆల్డో కలిసి 1948 హడ్సన్‌ని రేసుకారుగా మార్చుకుని, ఇంట్లో తెలియకుండా 1959లో ఊళ్లోని అరమైలు మట్టి ట్రాక్‌లో దిగారు. కారు ఒకటే, అందుకని వంతులు. ఆ సీజన్ చివర హాట్‌ఫీల్డ్‌లో ఆల్డోకి తల పగిలింది, అప్పుడు బయటపడింది గుట్టంతా. "నాన్న ఏమన్నారు?" అని అడిగిన పదకొండేళ్ల పిల్లకి వాళ్లమ్మ ఇచ్చిన జవాబు ఇక్కడ రాయడం లేదు.

ఆగస్టులో పెన్సిల్వేనియాలోని బెక్టెల్స్‌విల్‌లో ఉన్న గ్రాండ్‌వ్యూ స్పీడ్‌వేకి వెళ్లాం. 1963 నుంచి నడుస్తోంది, మైలులో మూడోవంతు, ఇప్పటికీ మట్టే. మొదటి శనివారం కార్లు ట్రాక్ ఎక్కకముందే వాన పడింది. మట్టి ట్రాక్ తడిస్తే ఇక ఆ రాత్రికి ఇంటికే. గొడుగుల కింద పెరుగన్నం తిని తిరిగొచ్చాం. రెండోసారి వాన లేదు. ఇప్పటి మాడిఫైడ్‌లు వేరే జాతి. చాసిస్ తయారుచేసే కంపెనీల దగ్గర కొని తెచ్చుకునేవే ఎక్కువ. కూపే బాడీలు పోయి, 70లలో గ్రెమ్లిన్, పింటో లాంటి చిన్నకార్ల బాడీలొచ్చి, అవీ పోయి, ఇప్పుడు రేకులు వంచి చేసిన పెట్టెల్లా ఉన్నాయి. అయినా చప్పుడు కడుపులోకి దిగుతుంది. దారిలో రెడింగ్ దగ్గర, ఒకప్పుడు ఫెయిర్‌గ్రౌండ్స్ ట్రాక్ ఉన్న చోట ఆగాం. 1979లో ట్రాక్ తీసేసి మాల్ కట్టారు. ఆ మాల్ కూడా మూతపడింది. మాతో వచ్చిన పెద్దాయన ఏమీ అనలేదు. కాసేపు ఖాళీ పార్కింగులో నిలబడి, మలుపు ఎక్కడుండేదో వేలితో చూపించి, కారెక్కారు.

సెప్టెంబరులో యార్క్ స్ప్రింగ్స్‌లో ఉన్న మోటార్ రేసింగ్ మ్యూజియానికీ వెళ్లాం. ఫోటోలు గ్రూపులో ఉన్నాయి.

నవంబరు చర్చ కాస్త వేడెక్కింది. విషయం న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో 1980లో జరిగిన మాడిఫైడ్ రేసు. కెన్నీ వెల్డ్ కట్టిన కారులో గ్యారీ బలౌ దిగాడు. కారు కింద గాలిని మలిచి నేలకి అదిమేసే గ్రౌండ్ ఎఫెక్ట్స్ రకం, ఎవరికీ అందకుండా గెలిచింది. తర్వాత అలాంటివాటిని నిబంధనలతో ఆపేశారు. అది తెలివా, తొండా? మన ఐటీ కుర్రాళ్లంతా తెలివే అన్నారు. షెడ్డులో చేతులు కాల్చుకున్నవాళ్లు తొండి అన్నారు. నాకైతే ఆ కారూ ఒక షెడ్డులో పుట్టిందే అనిపిస్తుంది. నిషేధించకపోయి ఉంటే సామాన్యుడు మరుసటి ఏడు కారు కట్టుకోగలిగేవాడు కాదన్నదీ నిజమే. ఓటింగు పెట్టలేదు, టీ పెట్టాం.

తప్పులూ చెప్పాలి. రెండో ఆదివారం వీడియోలో మైకు ఆన్ చేయలేదు. నలభై నిమిషాలు పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఆ పొరపాటు నాదే. ఆ రోజు మాట్లాడినవారిలో ఒకరు డిసెంబరులో కన్నుమూశారు. ఆయన చెప్పినవాటిలో గుర్తున్నంత వరకు ముగ్గురం కూర్చుని రాశాం. ఫోటోలు స్కాన్ చేయమని ఒక దుకాణంలో ఇస్తే రెండింటి మూలలు విరిచి ఇచ్చారు. ఫోటోల యజమానికి చూపించి క్షమాపణ అడిగాం, ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఇకమీదట ఎవరి ఫోటోలూ బయటికివ్వం. మన దగ్గరే స్కాన్ చేస్తాం, దానికి స్కానర్ కొనాలి. ఆ ఖర్చు కోశాధికారి పంపిన లెక్కల్లో ప్రతిపాదనగా ఉంది, చూసి ఆమోదించగలరు.

వచ్చే ఏడాదికి పెద్ద ఆలోచనలు లేవు. పదకొండు నోటుబుక్కుల్లో నాలుగే కంప్యూటర్‌లోకి ఎక్కాయి. పెన్సిలు రాత వెలిసిపోతోంది, మిగతావి వేసవిలోపు పూర్తవ్వాలి. టైపు చేయగలిగినవాళ్లు పేరివ్వండి. ఫ్లెమింగ్టన్ పెద్దాయన తన కూపేకి ఇంజిన్ ఎక్కించాలని పట్టుమీదున్నారు. ఆటోనగర్ మిత్రుడు శనివారాలు అక్కడే ఉంటున్నాడు, ఇంట్లో అడిగితే మా పేరు చెబుతున్నాడు.

వాన పడిన రోజు గ్రాండ్‌వ్యూ వాళ్లిచ్చిన రెయిన్‌చెక్ టిక్కెట్లలో (ఇంకోరోజు వచ్చి చూడటానికిచ్చేవి) ఆరు ఇంకా కోశాధికారి గారి డ్రాయరులో ఉన్నాయి. గడువు చూసి, కావలసినవాళ్లు ఆయనకి ఫోన్ చేయండి. చెవుల్లో పెట్టుకునే దూది మీరే తెచ్చుకోవాలి.

భవదీయుడు,
కార్యదర్శి